బడిపంతులు బిడ్డ యింటిని ఎరుగవలెనా?

ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 6:1–7, యోహాను 4:1–42, దానియేలు 1:1–21



ఈ నెల ధ్యానమునకు ఒక దూరదేశపు తగవును తీసికొనుచున్నాను. తగవు దూరదేశపుదే గాని దానిలోని ప్రశ్న మన గుమ్మము ముందర నిలిచియున్నది. ఉపాధ్యాయుడు తాను బోధించు బిడ్డ ఏ యింటినుండి వచ్చెనో, ఏ భాష మాటలాడునో, ఆ యింటివారి ఆచారములేవో, వారు పడిన పాట్లేవో తెలిసికొని తీరవలెనా? తెలిసికొనవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపింపవచ్చునా? ఆజ్ఞాపించినయెడల ఆ ఆజ్ఞ ఎంతవరకు పోవచ్చును, ఎక్కడ ఆగవలెను?

మన సంఘములలో ఉపాధ్యాయులు అనేకులు. మిషను బడులనుండియు ట్రైనింగు స్కూళ్లనుండియు బయలుదేరిన పంతుళ్ల బిడ్డలు, మనుమలు నేటికిని ఆ వృత్తిని విడువలేదు. ఆదివారపు బడి చెప్పు యౌవనులు ప్రతి గ్రామములోను ఉన్నారు. మన బిడ్డలలో కొందరు అమెరికాకు వెళ్లి, తమ పిల్లలను అక్కడి బడులలో వేసియున్నారు. కాబట్టి ఇది మనకెందుకని పత్రికను ప్రక్కన పెట్టవద్దని మనవి.

ఇల్లినాయి రాష్ట్రములో జరిగినది

అమెరికా దేశములో ఇల్లినాయి అను రాష్ట్రమున్నది. చికాగో పట్టణము దానిలోనిదే. 2021 నాటికి ఆ రాష్ట్రపు ప్రభుత్వ బడులలో చదువు పిల్లలలో సగముకంటె ఎక్కువమంది నల్లజాతి వారు, స్పానిషు మాటలాడు కుటుంబముల వారు, ఆసియా ఖండమునుండి వెళ్లినవారు మొదలగు వారైయుండిరి. ఉపాధ్యాయులలోనైతే నూటికి 80 మందికి పైగా తెల్లవారే. అనగా బోధించువాని యిల్లు ఒకటి, నేర్చుకొనువాని యిల్లు మరియొకటి.

ఈ దూరమును తగ్గించుటకై ఆ రాష్ట్ర విద్యామండలి ఉపాధ్యాయులను తయారుచేయు కళాశాలలకు ఎనిమిది ప్రమాణములను వ్రాసెను. ఉపాధ్యాయుడు మొదట తన్ను తాను పరీక్షించుకొని, తన పెంపకము తన చూపును ఏలాగు మలచెనో గ్రహింపవలెను. సమాజములో కొందరిని అణచియుంచిన ఏర్పాట్లను ఎరుగవలెను. ప్రతి విద్యార్థిని వేరువేరు మనుష్యునిగా చూడవలెను. పాఠము నడుపుటలో వారి ఆలోచనకును చోటియ్యవలెను. తమ పక్షమున తాము మాటలాడుకొనుటకు వారికి తోడ్పడవలెను. తల్లిదండ్రులతోను ఊరివారితోను కలిసి పనిచేయవలెను. పాఠ్యవిషయములను ఏరునప్పుడు అందరి జీవితములును వాటిలో కనబడునట్లు చూడవలెను. తరగతి గదిలోని బొమ్మలలోను పుస్తకములలోను ఆ బిడ్డలు తమ పోలికను చూచుకొనునట్లు చేయవలెను. సంగ్రహముగా చెప్పినయెడల ఆ ఎనిమిదియు ఇవే.

వెంటనే పెద్ద వాదము లేచెను. ముసాయిదాలో ‘ప్రగతివాద’ దృక్పథములు అను మాట యుండెను. ఆ దేశములో ఆ మాట ఒక రాజకీయ పక్షపు మాట. ఉపాధ్యాయులను ఒక పక్షములో చేర్చుకొనుచున్నారని అనేకులు అభ్యంతరపడగా, ఆ మాటను తీసివేసి ‘అందరిని కలుపుకొను’ అను అర్థమిచ్చు మాట పెట్టిరి. అయినను తగవు ఆగలేదు. అక్కడ ప్రభుత్వశాఖలు చేయు నియమములను పరిశీలించుటకు శాసనసభ్యుల సంఘమొకటి ఉన్నది. రెండు పక్షములనుండి సమముగా తీసిన 12 మంది దానిలో కూర్చుందురు. ఒక నియమమును నిలుపుటకు 8 మంది సమ్మతి కావలెను. 2021 ఫిబ్రవరి 17న ఈ ప్రమాణములు వారి యెదుటికి వచ్చెను. నిలుపుటకు కావలసిన 8 వోట్లు రాలేదు గనుక ప్రమాణములు నిలిచెను. వాటికి తగినట్లు తమ చదువును మార్చుకొనుటకు కళాశాలలకు 2025 అక్టోబరు వరకు గడువిచ్చిరి.

పెన్సిల్వేనియా రాష్ట్రములో ఇట్టి పేరుతోనే వచ్చిన మార్గదర్శకములకు వేరొక గతి పట్టెను. 2023లో మూడు పాఠశాల జిల్లాలును కొందరు తల్లిదండ్రులును కోర్టుకెక్కిరి. 2024లో ప్రభుత్వము రాజీపడి వాటిని ఉపసంహరించుకొనెను. దీనిని బట్టి అక్కడి ప్రజల మనస్సులు ఎంత చీలియున్నవో మనము తెలిసికొనవచ్చును.

ఇరువైపుల మాటలు

సామెతల గ్రంథము 18వ అధ్యాయము 17వ వచనములో ఒక బుద్ధిమాట ఉన్నది. వ్యాజ్యములో మొదట మాటలాడినవాడు న్యాయవంతునివలె కనబడును. ఎదుటివాడు వచ్చి ప్రశ్నించిన తరువాతనే సంగతి తేలును. కావున ఇరువురి మాటయు విందము.

ప్రమాణములను కోరినవారు చెప్పునది: బిడ్డను ఎరుగక బోధించుట, నేలను చూడక విత్తనము చల్లుటవంటిది. నల్లరేగడికి ఒక అదను, ఎర్రచెలకకు మరియొక అదను. విత్తనము మంచిదేనని రైతు వాదించినంత మాత్రమున పంట వచ్చునా? ఈ ఆలోచనకు పునాది వేసినవారిలో గ్లోరియా లాడ్సన్ బిల్లింగ్స్ అను నల్లజాతి విద్వాంసురాలు ఒకరు. నల్లజాతి బిడ్డలు ఎందుకు వెనుకబడిరి అని అందరును అడుగుచుండగా, ఆమె ప్రశ్నను తిప్పివేసి, వారికి చక్కగా చదువు చెప్పుచున్న ఉపాధ్యాయులు ఏమి చేయుచున్నారు అని అడిగెను. అట్టి ఎనిమిదిమందిని దగ్గరనుండి చూచి 1994లో ఒక గ్రంథము ప్రచురించెను. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు తెల్లవారు. ఈ సంగతి గమనింపదగినది. బిడ్డ పుట్టిన కులములో పుట్టినవాడే ఆ బిడ్డకు గురువు కావలెనని ఆమె చెప్పలేదు. తెలిసికొన మనస్సున్నవాడు తెలిసికొనగలడు.

ఆమె చెప్పిన సూత్రములు మూడు. బిడ్డ పాఠము బాగుగా నేర్వవలెను. నేర్చుటలో తన వారిని, తన భాషను పోగొట్టుకొనకూడదు. లోకములోని అన్యాయమును గుర్తుపట్టి ప్రశ్నించు శక్తి పొందవలెను. మొదటి రెంటి విషయములో దాదాపుగా ఎవరికిని తగవు లేదు. తగవంతయు మూడవ దానియొద్దనే. ఏది అన్యాయము, దానికి కారణమెవరు, మందేమి, అనునవి రాజకీయ పక్షములు కొట్లాడుకొను ప్రశ్నలు.

ఎదిరించినవారు చెప్పునది ఇందుకు సంబంధించినదే. వారిలో క్రైస్తవ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అనేకులున్నారు. బిడ్డను ప్రేమించుటకు మాకు అభ్యంతరము లేదు. అయితే జాతులను గూర్చియు, దేశచరిత్రను గూర్చియు, స్త్రీ పురుష భేదమును గూర్చియు ప్రభుత్వము ఒక అభిప్రాయమును నిర్ణయించి, దానిని ఒప్పుకొననివానికి ఉపాధ్యాయ లైసెన్సు ఇయ్యనన్నచో మా మనస్సాక్షి యేమగును? పాఠములు చెప్పవలసిన వేళ రాజకీయములు చెప్పుదురా? అని వారు అడిగిరి. ఇవి పాఠశాల పిల్లల పాఠ్యక్రమము కావు, ఉపాధ్యాయుల శిక్షణకు సంబంధించినవి మాత్రమేనని విద్యామండలి జవాబు చెప్పెను. గురువును మలచినవాడు శిష్యుని మలచడా అని వారు తిరుగ ప్రశ్నించిరి.

ఇరువైపులను భయమున్నది. ఒకరి భయము, నా బిడ్డను ఎవరును ఎరుగరు అని. మరియొకరి భయము, నా మనస్సాక్షిని ఎవరో ఏలుదురు అని. ఈ రెండు భయములును నిజమైనవే. వీటిలో ఒకదానిని చూచి నవ్వువాడు ఈ ప్రశ్నకు న్యాయమైన తీర్పు చెప్పజాలడు.

చరిత్ర చెప్పు పాఠము

ఈ రెండు భయములు ఒకే జనుల నోట వచ్చిన కాలమొకటి ఉండెను. అదియు అదే ఇల్లినాయి రాష్ట్రములోనే. 1889లో అక్కడ ఎడ్వర్డ్సు చట్టము అను పేర ఒక చట్టము వచ్చెను. చదువుట, వ్రాయుట, లెక్కలు, దేశచరిత్ర అన్ని బడులలోను, సంఘపు బడులలో సహితము, ఇంగ్లీషులోనే చెప్పవలెనని అది ఆజ్ఞాపించెను. జర్మను లూథరను సంఘములవారు తమ బిడ్డలకు జర్మను భాషలో చదువు చెప్పుకొనుచుండిరి. వారును రోమను కతోలికులును కలిసి దానిని ఎదిరించిరి. 1892 ఎన్నికలలో ఆ ప్రశ్న గట్టిగా పనిచేసెను. 1893లో ఆ చట్టము రద్దయ్యెను.

అటుతరువాత మొదటి ప్రపంచయుద్ధము వచ్చి జర్మను భాషమీద ద్వేషము పెరిగెను. నెబ్రాస్కా రాష్ట్రములో 1919లో, ఎనిమిదవ తరగతి దాటని బిడ్డలకు అన్యభాష నేర్పుట నేరమని చట్టము చేసిరి. 1920లో హాంప్టన్ అను గ్రామములోని లూథరను బడిలో రాబర్ట్ మేయర్ అను ఉపాధ్యాయుడు పదియేండ్ల బాలునికి జర్మను చదువుట నేర్పుచుండెను. పుస్తకమేదనుకొందురు? బైబిలు కథలు! అందుకు ఆయనకు 25 డాలర్ల జుల్మానా వేసిరి. ఆయన ఊరకుండక పై కోర్టులకు వెళ్లెను. 1923లో దేశపు సుప్రీంకోర్టు ఆయన పక్షమున తీర్పు చెప్పి, బోధించుటకు ఉపాధ్యాయునికిని, తమ బిడ్డలకు బోధింపించుకొనుటకు తల్లిదండ్రులకును హక్కు కలదనెను.

ఆ లూథరనులు కోరినదేమి? మా బిడ్డ భాషను, మా యింటిని బడి గౌరవింపవలెను అని. దానితోకూడ, మా మనస్సాక్షిలోనికి ప్రభుత్వము చొరబడకూడదు అని. నేడు ఒక పక్షము మొదటి మాట పట్టుకొన్నది, మరియొక పక్షము రెండవ మాట పట్టుకొన్నది. ఆనాడు ఆ రెండును ఒకే ప్రార్థనలోని రెండు మనవులు.

ఇట్టి రక్షణ దొరకనివారి గతి యేమాయెనో కూడ చెప్పుకొనవలెను. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అను చోట ఆ దేశపు ఆదివాసుల బిడ్డలకు ఒక వసతి పాఠశాల పెట్టిరి. బిడ్డల జుట్టు కత్తిరించి, పేరులు మార్చి, తల్లిభాష మాటలాడకూడదని కట్టడి చేసిరి. అది 1918 వరకు నడిచెను. అచ్చటి సమాధుల దొడ్డిలో 180కి పైగా బాలబాలికలు, ఇండ్లకు దూరముగా సమాధి చేయబడిరి. ఈ పనిని మెచ్చుకొన్నవారిలో భక్తిపరులనేకులు ఉండిరి. తాము మేలు చేయుచున్నామనియే తలంచిరి. బిడ్డను ఎరుగని దయ ఏ పాటి హాని చేయగలదో దీనివలన నేర్చుకొందము.

దేవుని వాక్యపు వెలుగులో

మొదటిది, యెరూషలేము సంఘములోని విధవరాండ్ర సంగతి. ప్రతిదినము ఆహారము పంచుచుండగా, గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రను చిన్నచూపు చూచుచున్నారని సణుగు పుట్టెను. అపొస్తలులు ఏమి చేసిరి? మేమందరిని సమముగానే చూచుచున్నామని కోపపడలేదు. సణుగువారిని నోరు మూయించలేదు. సంగతి విని, దిద్దుబాటు చేసిరి. ఏర్పరచుకొన్న ఏడుగురి పేరులు చదువుడి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. అన్నియు గ్రీకు పేరులే. నొచ్చుకొన్నవారి భాష ఎరిగినవారి చేతికి ఆ పనిని అప్పగించిరి. అయితే భాష ఎరిగియుండుట ఒక్కటే చాలుననలేదు. మంచి పేరు, ఆత్మ, జ్ఞానము గలవారై యుండవలెననిరి. ఎరుకయు కావలెను, గుణమును కావలెను. దాని ఫలమేమనగా, వాక్యము ప్రబలెనని ఏడవ వచనము చెప్పుచున్నది. సణుగు విన్నందున సంఘము చీలిపోలేదు, పెరిగెను.

రెండవది, సుఖారు బావియొద్ద ప్రభువు. ఆయనకంటె గొప్ప బోధకుడు లేడు. సమరయ స్త్రీతో మాటలాడినప్పుడు ఆయన ఆమె జనుల సంగతి ఎరిగియే మాటలాడెను. వారి కొండ, వారి ఆరాధన, యూదులతో వారికున్న వైరము ఆయనకు తెలియును. ఆమె పాత్రతో నీళ్లు త్రాగుటకు వెనుదీయలేదు. అంతటితో ఆగెనా? లేదు. ఆమెను సమరయులలో ఒకతెగా మాత్రమే చూడక, ఆమె స్వంత జీవితమును ముట్టెను. ఐదుగురు పెనిమిట్ల సంగతి చెప్పెను. మరియు ఆమె జనుల ఆరాధనలో కొరత ఉన్నదను సత్యమును దాచలేదు. ఇందులో మూడు మెట్లున్నవి. జనమును ఎరుగుట, జనములోని ఒక్క మనుష్యుని ఎరుగుట, ఎరిగిన తరువాత సత్యము చెప్పుట. ఈ ప్రమాణములను కోరువారు మొదటి మెట్టుమీదనే ఆగినయెడల, బిడ్డ బిడ్డగా కాక తన జాతికి ఒక నమూనాగా మిగులును. ఎదిరించువారు మూడవ మెట్టుకు ఒక్కసారిగా ఎగురగోరినయెడల, వారి సత్యము వినువారుండరు.

మూడవది, బబులోనులో దానియేలు. నెబుకద్నెజరు పెట్టిన పాఠశాల కార్లైల్ పాఠశాలకు అన్నవంటిది. పరదేశపు బిడ్డలను తెచ్చి, పేరులు మార్చి, కల్దీయుల భాషను విద్యను మూడు సంవత్సరములు నేర్పుట దాని పని. దానియేలు ఆ చదువును తిరస్కరింపలేదు. శ్రద్ధగా నేర్చుకొని అందరికంటె ముందుండెను. రాజు భోజనపు విషయమొక్కటే తన మనస్సాక్షికి అడ్డు వచ్చెను. అచ్చట నిలిచిపోయెను. నిలిచినప్పుడైనను కేకలు వేయలేదు. పై అధికారికి తన తల పోవునను భయమున్నదని గ్రహించి, పది దినములు పరీక్షించి చూడుడని నమ్రతగా బతిమాలెను. ఆ పరీక్షకు ఒప్పుకొన్న నియామకునికిని దేవుని గ్రంథములో చోటు దొరికెను.

ఏది అడుగవచ్చును, ఏది అడుగకూడదు

ఈ మూడు భాగములను ధ్యానించిన తరువాత నాకు తోచినది ఇది.

ఉపాధ్యాయుని చేతిపనిని గూర్చి ప్రభుత్వము అడుగవచ్చును. అడుగుట న్యాయము. జీతమిచ్చునది ప్రజలందరు, బిడ్డలు అందరి బిడ్డలు. బిడ్డ పేరును సరిగా పలుకుచున్నాడా? ఏ భాష అర్థము కాక బిడ్డ మూగగా కూర్చున్నాడో కనిపెట్టుచున్నాడా? తల్లి చదువురానిదైనను ఆమెతో మర్యాదగా మాటలాడుచున్నాడా? ఒకరిని ముందు బల్లమీదను మరియొకరిని తలుపు ప్రక్కను కూర్చుండబెట్టుచున్నాడా? ఇవి కంటికి కనబడునవి, పరీక్షింపదగినవి. నాకు మనస్సాక్షి యున్నది గనుక బిడ్డ యింటిని తెలిసికొననని ఏ క్రైస్తవ ఉపాధ్యాయుడును చెప్పుటకు వీలులేదు. మనస్సాక్షి సోమరితనమునకు చాటు కాకూడదు.

అయితే ఉపాధ్యాయుని హృదయపు ఒప్పుకోలును ప్రభుత్వము అడుగకూడదు. కళాశాల అతనిచేత చదివింపవచ్చును, వినిపింపవచ్చును, ప్రశ్న వేసి జవాబు వ్రాయింపవచ్చును. పౌరులు నిజాయితీగా భేదపడుచున్న విషయములలో ఈ విధముగానే నమ్ముమని, నమ్మనియెడల ఉద్యోగము లేదని అనకూడదు. పశ్చాత్తాపము దేవుని యెదుట పొందవలసినది. అది సర్కారు దస్తావేజు కాదు. మన దేశపు రాజ్యాంగములోని 28వ అధికరణము ప్రకారము, ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందిన బడిలో ఏ బిడ్డనైనను సమ్మతి లేకుండ మతబోధకు కూర్చుండబెట్టకూడదు. మన మిషను బడులు ఈ హద్దును ఎరిగినవే. మనమీద ఏది రుద్దకూడదనుకొందుమో దానిని ఇతరులమీద రుద్దకుండుట ప్రభువు చెప్పిన కొలతయే.

ఈ గీత ఎల్లప్పుడును స్పష్టముగా కనబడునా అని ఎవరైన అడుగవచ్చును. కనబడదు. ఒక పంతులు కొందరు బిడ్డలను తన మనస్సులో నీచులుగా ఎంచుచు, పైకి నియమములన్నియు పాటించుచున్నాడనుకొనుడి. ఆ తలంపు దాగియుండునా? హృదయము నిండినది నోటికి వచ్చునని ప్రభువే హెచ్చరించెను. పిలుపులో, చూపులో, దిద్దిన లెక్కను తిరిగి యిచ్చు చేతిలో అది బయటపడును. బిడ్డ దానిని వెంటనే పసికట్టును. ఇక్కడ చట్టము చేయి చాలదు. కీడును అడ్డుటకు చట్టము కంచెవలె పనికివచ్చును గాని, కంచె పంట పండింపదు. చట్టము చేయలేనిది చేయుటకే సువార్త వచ్చినది. కాబట్టి ప్రభుత్వము మన హృదయమును పరీక్షింపకూడదని మనము గట్టిగా చెప్పినయెడల, అంతకంటె గట్టిగా మన హృదయమును దేవుని యెదుట మనమే పరీక్షింప బద్ధులము. పరీక్ష వద్దని చెప్పి రెండిటిని తప్పించుకొనువాడు స్వాతంత్ర్యమును కాపాడినవాడు కాడు.

మనకు దీనివలన బుద్ధి

అదే ఇల్లినాయిలో 2021 జూలైలో, ఆసియానుండి వచ్చిన అమెరికావారి చరిత్రను బడులలో చెప్పవలెనని చట్టము చేసిరి. దేశములో అట్టి చట్టము చేసిన మొదటి రాష్ట్రమదే. అక్కడ చదువు మన తెలుగువారి పిల్లలకును అది వర్తించును. మన మనుమరాలి పేరును అక్కడి టీచరమ్మ నేర్చుకొని సరిగా పిలిచినప్పుడు మనకు సంతోషము. మరి మన బడిలో, మన కంటె తక్కువవారని లోకము ఎంచు బిడ్డ పేరును మనము ఏలాగు పిలుచుచున్నాము?

మన ప్రాంతములో మన్యపు బిడ్డల సంగతి చూడుడి. తెలుగు మనకు తల్లిభాష; సవర, కోయ, గోండి బిడ్డకు అది బడిలో ఎదురైన పరభాష. ప్రాథమిక తరగతులలో తల్లిభాషలో చదువు చెప్పుటకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమునకు 350-ఎ అధికరణము చేర్చిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో చిన్న తరగతుల చదువు ప్రారంభించిరి. తెలుగును మానిపించుటకు కాదు, తల్లిభాష మెట్టు మీదుగా తెలుగునకు ఎక్కించుటకు. ఇల్లినాయిలో జర్మను లూథరనులు కోరినదియు ఇదే కదా!

మైదానపు గ్రామములలోను ఇట్టి బిడ్డలున్నారు. పత్తితీతలకు, మిరపకాయ కోతలకు తల్లిదండ్రులు వలసపోగా వారి వెంట పోవు బిడ్డ హాజరుపట్టీలో వారముల తరబడి గైరుహాజరుగా ఉండును. కర్నూలు వైపువారు దీనిని సుగ్గికి పోవుట అందురు. యింటిని ఎరుగని పంతులు ఆ బిడ్డ సోమరి అని వ్రాసికొనును. యింటిని ఎరిగిన పంతులు, వెళ్లకమునుపే తండ్రితో మాటలాడి, నాయనమ్మయొద్దనో హాస్టలులోనో ఉంచుటకు దారి చూచును. ఇద్దరి పాఠము ఒక్కటే, ఇద్దరి జీతము ఒక్కటే.

మన పూర్వులను తలంచుకొనుడి. ఊరి బడి అరుగు ఎక్కనియ్యని దినములలో, మాలపల్లెకును మాదిగపల్లెకును నడిచివచ్చి చెట్టుక్రింద పలక పట్టించిన పంతుళ్లవలన మనలో అనేకుల యిండ్లలో దీపము వెలిగెను. వారిలో పెద్ద చదువులు లేనివారును ఉండిరి. అయినను యిల్లిల్లు ఎరుగుదురు. ఎవరి యింట జ్వరమో, ఎవరి యింట పస్తో వారికి తెలియును. ఆ ఋణము మనము తీర్చవలసియున్నది. తీర్చవలసినది వారికి కాదు, మన యెదుట కూర్చున్న బిడ్డకు.

ఈ నెలలో కుటుంబ ప్రార్థనలయందును, ఉపాధ్యాయుల కూడికలయందును ఈ ప్రశ్నలను ఆలోచించుడి:

1. మన బడిలోగాని ఆదివారపు బడిలోగాని, ఎవరి యింటికి మనమెన్నడును వెళ్లలేదో ఆ బిడ్డ యెవరు?

2. సణుగు వినబడినప్పుడు అపొస్తలులవలె విందుమా, లేక నోరు మూయింతుమా?

3. మన మనస్సాక్షికి నిజముగా అడ్డు వచ్చునది ఏది? కేవలము మన అలవాటుకు అడ్డు వచ్చునది ఏది? దానియేలువలె ఈ రెంటిని వేరుచేయగలమా?

ప్రార్థన: గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు మంచి కాపరీ, మా గ్రామములలోను దూరదేశములలోను బోధించుచున్న ప్రతి ఉపాధ్యాయునికిని బిడ్డను ఎరుగు కన్నులు దయచేయుము. ఏలువారికి న్యాయమును, తమ హద్దును ఎరుగు జ్ఞానమును అనుగ్రహింపుము. ఒకరి భయమును ఒకరు తృణీకరింపక ఆలకించు మనస్సు మాకిమ్ము. ఏ బిడ్డయు తన యింటిని గూర్చి సిగ్గుపడి బడిలో కూర్చుండకుండునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.